ఫెర్గస్ కదలడం లేదు

రోజ్లిన్ పాస్కోకి పిల్లల ఎత్తులు కొత్త కాదు. గాలి బడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. ఇప్పుడు తన దగ్గర చదువుతున్న ఫెర్గస్ వాళ్ళ నాన్న కూడా ఒకప్పుడు తన దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నాడు, నేర్చుకున్నంత మటుకు.

గాలి బడిలో టీచరు ఊళ్ళో ఒక గదిలో కూర్చుంటుంది. పిల్లలు ఎక్కడెక్కడో, వేల పశువుల్ని మేపుకునే, స్టేషన్లనే మహా పెద్ద పశువుల పొలాల్లో, ఎవరింట్లో వాళ్ళు కూర్చుంటారు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య ఎర్రమట్టి తప్ప ఏమీ ఉండదు. వాళ్ళ నాన్నల కాలంలో పాఠాలు రేడియోలో సాగేవి. ప్రశ్న అడగ్గానే నోటితోనే గరగరమని చప్పుడు చేసి, "మిస్, సరిగా వినపడ్డం లేదు" అనేవాళ్ళు వెధవలు. ఫెర్గస్ వాళ్ళ నాన్న ఆ గరగరలో ఆరితేరినవాడు.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. ఉపగ్రహం పుణ్యమా అని పిల్లల మొహాలు ఒక్కో గడిలో ఒక్కొక్కటిగా తెర మీదికొచ్చాయి. పెద్దాఫీసు నుంచి టై కట్టుకున్న ఒకాయన వచ్చి, ఇకనుంచి పిల్లలు మీ కళ్ళెదుటే ఉంటారని ప్రకటించి, కేకు తిని వెళ్ళాడు. రోజ్లిన్‌కి ఆయన నచ్చలేదు గానీ కంప్యూటరు నచ్చింది. నచ్చకేం? నిన్నటిదాకా ఉత్త గొంతులుగా ఉన్న పిల్లలకి ఇవాళ ఊడిన పళ్ళున్నాయి, ఎండకి కమిలిన ముక్కులున్నాయి. కప్పని పట్టుకొచ్చి కెమెరాకి అతికించి మరీ చూపిస్తారు. భిన్నాలంటే బెంబేలు పడే పిల్ల తెర మీద కేకుని తన వేలితో తనే ముక్కలు చేసుకుని, "ఓస్, ఇంతేనా!" అంటుంది. రేడియోలో భిన్నాలు చెప్పి గొంతు పోగొట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది ఆ "ఇంతేనా" ఖరీదు.

ఎత్తులూ మారాయి. గాలి దుమ్ము లేచినా, మబ్బు పట్టినా, ఒక్కోసారి ఏ కారణం లేకుండానే, ఎవరో ఒక పిల్లవాడి బొమ్మ తెర మీద బిగుసుకుపోయేది. నోరు సగం తెరిచి, కళ్ళు సగం మూసి, తుమ్మబోయి ఆగిపోయినట్టు. అలా ఆగిపోయినవాణ్ణి వదిలేసి టీచరు తర్వాతివాడి దగ్గరికి వెళ్తుందని మొదట కనిపెట్టినవాడు కోబీ. మర్నాడు ఏడో ఎక్కం అడగ్గానే నోరు సగం తెరిచి బిగుసుకుపోయాడు. వారం తిరిగేసరికి జలుబు అంటుకున్నట్టు ఆ విద్య క్లాసంతటికీ అంటుకుంది.

రోజ్లిన్‌కి దాని గుట్టు తెలుసుకోవడానికి ఎంతో సేపు పట్టలేదు. పిల్లవాణ్ణి చూడకూడదు, వాడి వెనక చూడాలి. నిజంగా బొమ్మ ఆగితే వెనక కర్టెన్ ఆగుతుంది, కుక్క తోక ఆగుతుంది, ఫ్యాను ఆగుతుంది. "నీ ఫ్యాను తిరుగుతోంది నాయనా, నువ్వొక్కడివే ఆగావు" అనేది. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. మరీ మొండికేస్తే "మూల"కి పంపేది. అంటే తన తెర మీద వాడి గడి తీసేయడం. మిగతా పిల్లలకి వాడు కనపడుతూనే ఉంటాడు, వాడికి క్లాసూ కనపడుతూనే ఉంటుంది. నోరు విప్పి "సారీ మిస్" అనేదాకా టీచరుకి మాత్రం కనపడడు.

ఆ ఏడు ఎలుకల ఏడు. వానలు బాగా పడి, గడ్డి ఏపుగా పెరిగి, ఎలుకలు నేల ఈనినట్టు పుట్టుకొచ్చాయి. క్లాసులో పిల్ల బ్రైడీ వాళ్ళింట్లో పరుపులోంచి, కోబీ వాళ్ళ ట్రాక్టరు సీటులోంచి వచ్చాయి. ఎలుకలు వచ్చిన చోటికి వాటిని తినేవీ వస్తాయని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ స్టేషన్లలో పిల్లలకి అడుగులు వేయడం కంటే ముందు నేర్పేది ఒకటుంది: పాము కనపడితే కదలకు. పిలవకు, పరిగెత్తకు, పెదవి కూడా కదపకు. అది దాని దారిన పోయేదాకా నువ్వు చెట్టువి.

ఆ రోజు పొద్దున చదివే పాఠం. ఫెర్గస్‌కి చదవడమంటే ప్రాణసంకటం. తొమ్మిదేళ్ళవాడు. లేగదూడ జబ్బేమిటో చూసి చెప్పగలడు గానీ ఒక్క పేరా చదవమంటే మంచినీళ్ళకి లేస్తాడు. వాడి వంతు రాగానే రోజ్లిన్ కాస్త మెత్తగానే పిలిచింది.

"ఫెర్గస్, నువ్వు చదువు నాన్నా. ఓడ మునిగిన దగ్గర్నించి."

ఫెర్గస్ పలకలేదు. నోరు కొంచెం తెరిచి ఉంది. చూపు కిందికి వాలి ఉంది.

రోజ్లిన్ వాడి వెనక చూసింది. ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"నీ ఫ్యాను తిరుగుతోంది బాబూ."

క్లాసు గొల్లుమంది. "మిస్, వీడు నాకంటే బాగా చేస్తున్నాడు! కన్ను కూడా ఆర్పట్లేదు!" అన్నాడు కోబీ, గురువుగారి హోదాలో.

"ఫెర్గస్, చాలు. నిన్నా ఇదే, మొన్నా ఇదే. చదవకుండా ఎన్నాళ్ళు తప్పించుకుంటావు? మీ నాన్న నీ వయసులో చేసిన గరగరలు విని విని ఉన్నాను నేను." పలకలేదు. రోజ్లిన్‌కి ఒళ్ళు మండింది. "సరే, మూలకి పో. సారీ చెప్పాలనిపించినప్పుడు చెప్పు."

గడి తీసేసింది. కోబీ చదివాడు. తర్వాత ఇంకో పిల్ల చదివింది. ఓడలోంచి బయటపడ్డవాళ్ళు ఒడ్డుకి కొట్టుకొచ్చారు. రోజ్లిన్ మధ్యలో ఒక కష్టమైన మాటకి అర్థం చెప్పింది, చల్లారిపోయిన టీ ఒక గుక్క తాగింది.

"మిస్."

బ్రైడీ. ఫెర్గస్ వాళ్ళకి పక్కింటి పిల్ల. పక్కిల్లంటే కార్లో గంట ప్రయాణం.

"నీ వంతు ఇంకా రాలేదమ్మా."

"మిస్, ఫెర్గస్ ఏడుస్తున్నాడు."

"ఏడవనీ. ఏడ్చాక చదువుతాడు."

"అట్లా కాదు మిస్." బ్రైడీ గొంతు సన్నబడింది. "మొహం కదలట్లేదు. నీళ్ళొక్కటే కారుతున్నాయి."

ఇదేదో ఇద్దరూ కూడబలుక్కున్న కొత్త ఎత్తేమోనని కూడా రోజ్లిన్‌కి అనిపించింది, దేవుడు క్షమించాలి. గడి తిరిగి పెట్టింది.

ఫెర్గస్ ఇందాక ఎలా ఉన్నాడో అలానే ఉన్నాడు. తల వెంట్రుకవాసి జరగలేదు. ఒక కన్నీటి బొట్టు బుగ్గ మీదుగా మెల్లగా జారి, గడ్డం చివర వేలాడి, చొక్కా మీద పడింది. వెంటనే ఇంకోటి బయల్దేరింది. వాడు తుడుచుకోలేదు. తొమ్మిదేళ్ళ మగపిల్లవాడు, క్లాసంతా చూస్తుంటే, కన్నీళ్ళు తుడుచుకోకుండా కూర్చోవడం ముప్పై ఏళ్ళలో రోజ్లిన్ ఎన్నడూ చూడలేదు.

వాడి చూపు ఎక్కడ వాలి ఉందో అటు చూడబోయింది. అక్కడ తెర అయిపోయింది. బల్ల అంచు, దాని కింద ఏమీ లేదు. వాడిలో సగం మాత్రమే తన దగ్గరుంది. మిగతా సగం వందల కిలోమీటర్ల దూరంలో, బల్ల కింద ఉంది.

ఫెర్గస్‌దీ బ్రైడీదీ తప్ప మిగతా పిల్లల గొంతులన్నీ కంప్యూటర్లో ఆపేసింది. మైకు దగ్గరికి వంగి, నిద్రపోయే పసివాడి పక్కన మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఫెర్గస్. జవాబు చెప్పకు. తల ఊపకు. అవునైతే ఒక్కసారి కళ్ళు మూసి తెరువు. పామా?"

మాట ఆకాశానికి వెళ్ళి తిరిగి వచ్చేదాకా ఎప్పుడూ ఒక క్షణం పడుతుంది. ఆ క్షణం ఇంత పొడుగని రోజ్లిన్‌కి ఇన్నాళ్ళూ తెలియదు.

వాడు కళ్ళు మూసి తెరిచాడు.

"కాళ్ళ దగ్గరా?"

కళ్ళు కదల్లేదు.

"కాళ్ళ మీదా?"

మూసి తెరిచాడు.

ఆ పిల్లలందరూ పైన బడి చొక్కా, కింద వట్టి కాళ్ళు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆమె దాని మీద ఎన్ని జోకులేసిందో. బల్ల కింద కంప్యూటరు పెట్టె వెచ్చగా ఉంటుంది, దాని వెనక తీగల్లో ఎలుకలు గూడు పెట్టాయని వాడే పోయిన వారం గొప్పగా చెప్పాడు.

"బ్రౌన్ పామేనా?"

మూసి తెరిచాడు.

బ్రౌన్ పాముకి విషం ఎక్కువ, కరిస్తే డాక్టర్ని తీసుకుని విమానం రావాలి. విమానం ఎంత తొందరగా వచ్చినా అది విమానమే, దేవుడు కాదు. రోజ్లిన్ చేతులు కెమెరాలో పడకుండా ఒళ్ళో దాచుకుంది.

"నేను చూస్తున్నాను నాన్నా. నువ్వు చేస్తున్నదే సరైన పని. అలాగే ఉండు. బ్రైడీ, మీ అమ్మని పిలుచుకురా."

బ్రైడీ వాళ్ళమ్మ డెల్, చేతులకి పిండితోనే వచ్చి తెర ముందు వంగింది. "ఏంటి రోజ్, ఇది ఏడుస్తూ వచ్చింది?"

"డెల్, రేడియోలో జెనీన్‌ని పట్టుకో. ఫెర్గస్ కాళ్ళ మీద బ్రౌన్ పాము ఉంది. పరిగెత్తొద్దని చెప్పు. తలుపు కొట్టుకోకూడదు, బూట్లు విప్పేసి రమ్మను. అది నేల అదురుకి లేస్తుంది. పరిగెత్తొద్దని రెండుసార్లు చెప్పు."

డెల్ మారు మాట్లాడకుండా మాయమైంది. జెనీన్, ఫెర్గస్ వాళ్ళమ్మ, ఆ పొద్దున నీళ్ళ పంపు దగ్గరికి వెళ్ళిందని రోజ్లిన్‌కి తెలుసు. క్లాసు మొదట్లో ఆవిడే చెప్పి వెళ్ళింది. పంపు ఇంటికి ఎంత దూరమో తెలియదు. రేడియో ట్రక్కులో ఉందో చేతిలో ఉందో తెలియదు. ఈ పిల్లవాడి మొహం రోజూ చూస్తోంది. వాడి ఇంటి గుమ్మం ఎటువైపుందో కూడా తనకి తెలియదని అప్పుడు తెలిసింది. గడిలో మొహం కనపడగానే పిల్లవాడు మొత్తం కనపడ్డాడనుకుంది.

తెర మీద పిల్లలు చెదిరిపోతున్నారు. ఒకడు లేచి నిలబడ్డాడు, ఒకతె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కోబీ మొహం పాలిపోయింది. వాళ్ళ కంగారు ఫెర్గస్ తెర మీద కూడా కనపడుతుంది కదా.

"పిల్లలూ, అందరూ కూర్చోండి. ఫెర్గస్‌లాగే కూర్చోండి. వాడికి తోడుగా. ఎవరూ కదలకండి."

కూర్చున్నారు. ఎంత బాగా కూర్చున్నారంటే, ఇన్నాళ్ళ సాధన ఊరికే పోలేదు. ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ.

అది తప్పని రోజ్లిన్‌కి ఫెర్గస్ కళ్ళు చూశాక గానీ తెలియలేదు. వాడి కళ్ళు తెర వైపు లేచాయి, పెద్దవయ్యాయి. చొక్కా కింద గుండె గబగబా ఎగిరిపడుతోంది. వాడికి కనపడుతున్నది బిగుసుకుపోయిన క్లాసు. లైను తెగిపోయిందనుకున్నాడు. అందరూ పోయారు, పామూ తనూ మిగిలామనుకున్నాడు.

"ఫెర్గస్, ఇక్కడే ఉన్నాం, ఇక్కడే..." ఆమె మాట ఇంకా ఆకాశంలోనే ఉంది.

అప్పుడు బ్రైడీ, మొహం ఏమాత్రం కదలకుండా, చూపుడు వేలు ఒక్కటి బుగ్గ పక్కకి ఎత్తి మెల్లగా ఆడించింది. పైకీ కిందికీ. కోబీ చూశాడు. వాడూ ఒక వేలెత్తాడు. ఇంకో గడిలో ఇంకో వేలు. కాసేపటికి ప్రతి గడిలో ఒక వేలు ఆడుతోంది, ఏ మొహమూ కదలడం లేదు.

ఫెర్గస్ గుండె ఎగిరిపడటం తగ్గింది.

రోజ్లిన్ పుస్తకం అందుకుంది. ఏం చేయాలో తోచక అందుకుంది. ఓడ మునిగిన దగ్గర్నించి, వాడు చదవాల్సిన పేరా, వాడి బదులు తను చదవడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఏ మాటా అదరకుండా. డెల్ మొహం బ్రైడీ వెనక కనపడి తల ఊపింది: జెనీన్ దొరికింది, వస్తోంది. ఎంత దూరం నుంచి వస్తోందో అడిగే ధైర్యం రోజ్లిన్‌కి లేదు. చదువుతూనే ఉంది. ఫెర్గస్ కళ్ళు మళ్ళీ కిందికి వాలాయి. బల్ల కింద ఏదో జరుగుతోంది. వాడి పెదవి వణికింది. రోజ్లిన్ ఫ్యాను వైపు చూసింది, ఎందుకు చూసిందో.

ఫ్యాను ఆగిపోయింది.

ఒక రెక్క పైకి, ఒక రెక్క పక్కకి. ఫెర్గస్ గడ్డం చివర నీటి బొట్టు వేలాడుతోంది, కింద పడటం లేదు. వాడి మొహం మధ్యలో చిన్న చక్రం పుట్టి తిరగడం మొదలుపెట్టింది.

"మిస్, మాక్కూడా ఆగిపోయాడు," అంది బ్రైడీ గుసగుసగా.

ఈసారి ఎత్తు కాదు. రోజ్లిన్ జీవితంలో అంత భయం ఎరగదు. ఆ బొమ్మ ఎప్పటిదో. అది ఆగాక అక్కడ ఏం జరిగిందో, ఇప్పుడేం జరుగుతోందో. వాడు అరిచాడేమో, ఆ అరుపు దారిలోనే ఎక్కడో పడిపోయిందేమో. తెరని చేత్తో పట్టుకుంది, పట్టుకుంటే వాడు అందుతాడన్నట్టు. అది వేడిగా ఉంది, అంతే.

తన గొంతు వాడికి వెళ్తోందేమో. వెళ్తోందో లేదో తెలియదు గానీ, ఒకవేళ వెళ్తుంటే, ఆపితే? పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయాయి. నోటికొచ్చినంత మేరకి చదివింది. రానిచోట కల్పించింది. ఒడ్డుకి చేరినవాళ్ళు నిప్పు రాజేసుకున్నారని, ఎవరూ చనిపోలేదని, ఒక్కరు కూడా చనిపోలేదని, పుస్తకంలో లేనిదంతా ఆగిపోయిన బొమ్మకి చదివి వినిపించింది. పిల్లలు వేళ్ళు దించలేదు.

చక్రం మాయమైంది. బొమ్మ ఒక్కసారి ముక్కలై మళ్ళీ అతుక్కుంది.

ఫ్యాను తిరుగుతోంది. కుర్చీ ఖాళీ. పక్కకి పడి ఉంది.

ఎవరో గట్టిగా ఏడ్చారు, తనేనేమో. తర్వాత ఎక్కడో పక్కనుంచి జెనీన్ గొంతు, ఊపిరి అందకుండా వచ్చింది: "నా దగ్గరున్నాడు రోజ్. నా దగ్గరే ఉన్నాడు. కాళ్ళు రెండూ వెతికాను. గీత కూడా లేదు."

జెనీన్ కొడుకుని చంకనేసుకుని తెరలోకి వచ్చింది, వాడు చంకనేసుకునే వయసు దాటి చాలాకాలమైనా. ఆమె కాళ్ళకి బూట్లు లేవు. గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయానని, వెళ్ళనూ లేక ఆగనూ లేక చచ్చాననీ చెప్పింది. పెట్టె వెనక ఎలుక కదిలితే పాము దాని వెంట పడిందట. అది వాడి పాదాల మీదనుంచి పూర్తిగా దిగాకే వాణ్ణి వెనకనుంచి లాగేసిందట.

ఫెర్గస్ అమ్మ మెడ పట్టుకునే ఉన్నాడు. మైకు దగ్గరికి మొహం తెచ్చాడు. గొంతు బొంగురుపోయింది.

"మిస్, మీరు మొదట్నించీ చూస్తూనే ఉన్నారని నాకు తెలుసు."

రోజ్లిన్ పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"మీరు తిట్టారు కదా, తర్వాత మామూలుగా పాఠం చెప్పుకుంటూ పోయారు కదా. పాము బెదరకూడదని కావాలనే అట్లా చేస్తున్నారనుకున్నా. టీ కూడా తాగారు. మిస్‌కే భయం లేదు, నాకెందుకు అనుకున్నా. అందుకే కదల్లేదు."

కోబీ తల దించుకున్నాడు. బ్రైడీ మాత్రం టీచరు మొహంలోకి సూటిగా చూస్తోంది. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటే వాడి ధైర్యం వాడికుండేది, తన పరువు తనకుండేది.

"లేదు నాన్నా," అంది రోజ్లిన్. "నేను చూడలేదు. నిన్ను తీసేశాను. నీ బొమ్మ నా దగ్గర లేదు. చూసింది బ్రైడీ."

ఆ మాట వాడికి చేరడానికి క్షణం పట్టింది. చేరడం ఆమెకి కనపడింది. వాడి చెయ్యి అమ్మ మెడ చుట్టూ ఇంకాస్త బిగిసింది. భయం అంతా అయిపోయాక, అప్పుడు, ఫెర్గస్ వణకడం మొదలుపెట్టాడు.

మర్నాడు ఫెర్గస్ రాడనే అనుకుంది రోజ్లిన్. వచ్చాడు. చదువు గదికి తాళం పడింది; వంటింటి బల్ల దగ్గర, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని కూర్చున్నాడు. ఆ బూట్లు కనపడేలా కెమెరాని దూరంగా పెట్టారు. "మూల" అనే మాట క్లాసులో ఎవరూ ఎత్తలేదు. వాడి వంతు వచ్చినప్పుడు రోజ్లిన్ చదవమని అడగలేదు. వాడే పుస్తకం తీశాడు. వేలు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదవసాగాడు.

రెండో వాక్యం మధ్యలో వాడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

రోజ్లిన్ వాడి వెనక కిటికీ కర్టెన్ వైపు చూసింది. ఆగిపోయి ఉంది. ఆగిపోయిందని తెలుసు, రోజూ జరిగేదేనని తెలుసు. అయినా కుర్చీ వెనక్కి పడేలా లేచి నిలబడింది. ఒక చేతిలోకి ఫోను ఎప్పుడొచ్చిందో తెలియదు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. వాడి మొహం మీద చక్రం తిరుగుతూ ఉంది, తిరుగుతూ ఉంది.

అప్పుడు, బొమ్మ కంటే ముందే, గరగరల మధ్యనుంచి గొంతు ఒక్కటి వచ్చింది.

"మిస్, వేలు కదుపుతున్నాను."